తినని పాము, ఆగని బేరం

మేముండే ఊరికి సముద్రంలో మునిగిపోయిన ఓడ కెప్టెన్ పేరు పెట్టారు. విలియం లూయిస్ హెర్న్‌డన్ అమెరికా నౌకాదళ అధికారి. 1851, 52లలో అమెజాన్ నది వెంట ప్రయాణించి, ఆ లోయ గురించి ప్రభుత్వానికి పెద్ద నివేదిక రాసిచ్చాడు. తర్వాత ‘సెంట్రల్ అమెరికా’ అనే ఆవిరి ఓడకు కెప్టెనయ్యాడు. కాలిఫోర్నియా గనుల బంగారం నింపుకొని న్యూయార్క్ వస్తున్న ఆ ఓడ 1857 సెప్టెంబరు 12న కరోలినా తీరానికి దూరంగా తుపానులో మునిగిపోయింది. ఆడవాళ్ళనూ పిల్లలనూ వేరే ఓడలోకి దాటించి, హెర్న్‌డన్ తన ఓడ మీదే ఉండిపోయాడు. నాలుగు వందల మందికి పైగా పోయారు. బ్యాంకులు ఎదురుచూస్తున్న బంగారం సముద్రం పాలైందన్న కబురుతో ఆ ఏటి ఆర్థిక సంక్షోభం ఇంకా ముదిరింది. మరుసటి ఏడాది వర్జీనియాలో ఒక పల్లె పోస్టాఫీసు పెట్టుకుంటూ ఆయన పేరు తీసుకుంది.

ఆ పల్లె ఇప్పుడు డల్లెస్ విమానాశ్రయాన్ని ఆనుకున్న హెర్న్‌డన్. 2022 నవంబరులో మెట్రో సిల్వర్ లైను కూడా వచ్చింది. ఐటీ ఆఫీసులు, వరసగా టౌన్‌హోములు, కిరాణా కొట్టుకు వెళితే తెలుగు మాట. పాత ఓడ సంగతి ఇప్పుడెందుకంటే, అమెరికాలో ఒక కాలంలో ఇళ్ళ బేస్‌మెంట్లలోనూ బంగారం పండుతుందన్నారు. ఆ బంగారానికి పొలుసులుండేవి. వారానికో ఎలుక పెట్టాలి. పెట్టినా, బుద్ధి పుడితేనే తినేది.

దాని పేరు బాల్ పైథాన్. కొండచిలువల వంశంలో చిన్నది. ఆడది నాలుగైదు అడుగులు, మగది ఇంకా పొట్టి. విషం లేదు, కోపమూ తక్కువే. భయం వేస్తే తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. 1802లో జార్జ్ షా అనే ఆంగ్లేయుడు దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు, పైథాన్ రీజియస్ అని. సెనెగల్ నుంచి ఉగాండా వరకు ఆఫ్రికా గడ్డి మైదానాలు దీని ఇల్లు. పగలంతా చెదపుట్టల్లోనో ఎలుక బొరియల్లోనో పడుకుని, చీకటి పడ్డాక వేటకు వస్తుంది.

బెనిన్ దేశంలో విదా అనే ఊళ్ళో ఈ పాములకు గుడి ఉంది. అక్కడివాళ్ళకు ఇవి దైవం. రాత్రిళ్ళు బయటికి వదిలితే ఇళ్ళలోకి, పెరళ్ళలోకి పోతాయి. ఎవరింట్లో కనిపిస్తే వాళ్ళు మర్యాదగా తెచ్చి గుళ్ళో అప్పగిస్తారు. నాగులచవితికి పుట్ట దగ్గరికి వెళ్ళే మనకు ఇది వింతగా ఉండదు. వింత ఏమిటంటే, అదే బెనిన్ నుంచి, పక్కనున్న టోగో, ఘనాల నుంచి లక్షల పాములు సంచుల్లో, పెట్టెల్లో విమానమెక్కి అమెరికా చేరాయి. గుడిలో దేవుడు, సరుకుల పట్టీలో ఒక నంబరు.

వీటికి తిండి దగ్గర పేచీపెట్టే పామన్న పేరు ఆ పెట్టెల్లోనే పడింది. పాత రోజుల్లో వచ్చినవి ఎక్కువగా అడవిలో పట్టిన పెద్ద పాములు. ఒంటి నిండా గోమార్లు, కడుపులో పురుగులు, వారాల తరబడి ప్రయాణం. దిగాక కొట్టులో గాజు పెట్టె, నెత్తి మీద దీపం, దాక్కోవడానికి మూల లేదు, చూసేవాళ్ళంతా అద్దం మీద వేలితో కొట్టడం. పైగా దాని ముందు పెట్టింది తెల్ల ఎలుక. పుట్టి బుద్ధెరిగాక అది ఎప్పుడూ అలాంటి జీవిని చూసి ఎరగదు, దాని వాసనా తెలియదు. తినలేదు. నెలలు గడిచాయి, తినలేదు. చాలా పాములు అలాగే చచ్చిపోయాయి. కోటి విద్యలూ కూటికొరకే అన్న సామెత ఈ పాము దగ్గర చెల్లలేదు.

నిజానికి తినకపోవడం దానికి రోగం కాదు, బతికే పద్ధతి. ఆఫ్రికా ఎండాకాలంలో నెలల తరబడి పస్తుంటుంది. గుడ్లు పెట్టిన తల్లి వాటిని చుట్టుకుని రెండు నెలలు కదలకుండా కూర్చుంటుంది, ఆ రోజుల్లో ముద్ద ముట్టదు. ఇళ్ళలో పెరిగే మగపాములు చలికాలం వస్తే జత మీద ధ్యాసతో తిండి మానేస్తాయి. ఏడాదికి పైగా తినకుండా బతికినవి ఉన్నాయి. ఒంటి బరువులో పదోవంతు తగ్గనంత వరకు కంగారు పడొద్దంటారు అనుభవజ్ఞులు. పాము లెక్కలో ఒక ఋతువు పస్తు పెద్ద విషయం కాదు. మనిషి లెక్క వేరు. ఈ కథలో జరిగిన నష్టమంతా ఆ రెండు లెక్కలూ కలవని చోటే జరిగింది.

1992లో ఓక్లహోమాకు చెందిన బాబ్ క్లార్క్ అనే పెంపకందారు ఆల్బినో బాల్ పైథాన్లను మొదటిసారి తన దగ్గర పుట్టించాడు. గోధుమ, నలుపు మచ్చల పాముకు బదులు తెలుపు, పసుపు చారలతో ఎర్ర కళ్ళ పాము. తొలి పిల్లలు ఒక్కొక్కటి 7,500 డాలర్లు పలికాయని ఆ రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజుల్లో మామూలు రంగు పిల్ల కొట్టులో కొన్ని పదుల డాలర్లే. ఒక జన్యువు తేడా, వందల రెట్ల ధర. 1997లో పీటర్ కాల్ అనే మరో పెంపకందారు ‘పైబాల్డ్’ పుట్టించాడు. ఎవరో సగం రంగు వేసి మధ్యలో కుంచె వదిలేసినట్టు, ఒంటి మీద పెద్ద పెద్ద తెల్ల ఖాళీలు. పాస్టెల్ వచ్చింది, 1999లో స్పైడర్ వచ్చింది, ఇంకా క్లౌన్, పిన్‌స్ట్రైప్, బనానా. ఇలా జన్యువుతో వచ్చే ప్రతి రంగునూ ఈ లోకంలో ‘మార్ఫ్’ అంటారు. ఒకదానితో ఒకటి కలుపుతూ పోతే ఇప్పుడు వేల రకాలున్నాయి.

2000 తర్వాతి పదేళ్ళూ ఉచ్చదశ. ఫ్లోరిడాలో డేటోనా, షికాగో పక్కన టిన్లీ పార్క్, మాకు దగ్గర్లో పెన్సిల్వేనియా హ్యాంబర్గ్ సంతల్లో చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పాములు బారులు తీరేవి. నగల కొట్టులో గాజుబీరువా ముందు నిలబడ్డట్టే జనం నిలబడేవారు. స్టాకు మార్కెట్ కంటే నయమన్నారు. అద్దెకిచ్చే ఇల్లయితే మరమ్మతులుంటాయి, దీనికి వారానికో ఎలుక చాలన్నారు. అమెరికా తపాలాశాఖ పాములను ముట్టుకోదు. అందుకని అనుమతి తీసుకుని కొరియర్లో, థర్మాకోల్ పెట్టెలో వేడి ప్యాకెట్ పెట్టి రాత్రికి రాత్రి పంపేవారు. వేల డాలర్ల జీవి పొద్దున్నే గుమ్మం ముందు దిగేది.

మా కాలనీలో ఒక తమ్ముడు ఈ అలలో కాస్త ఆలస్యంగానే దిగాడు. గుంటూరు వైపు మనిషి, పగలు డేటాబేసులు చూసుకునే ఉద్యోగం. మొదట వాళ్ళబ్బాయి ముచ్చటపడ్డాడని ఒక మామూలు పిల్లను తెచ్చాడు. తర్వాత జన్యువుల లెక్క తలకెక్కింది. వంటింట్లో కూరలు తూచే డిజిటల్ కాటా కిందికి దిగింది, పాములను గ్రాముల్లో తూచడానికి. బేస్‌మెంట్లో పుస్తకాల అల్మారాల్లాంటి ర్యాకులు లేచాయి. ఒక్కో అరలో ఒక ప్లాస్టిక్ టబ్బు, టబ్బు కింద వేడి పట్టీ, థర్మోస్టాట్, ఒక నీళ్ళ గిన్నె, దాక్కోవడానికి ఒక బోర్లించిన గిన్నె. ఇంటావిడ ఒప్పుకోవడానికి పెట్టిన షరతు ఒక్కటే: ఎలుకలకు వేరే ఫ్రీజరు. ఆవిడ గోంగూర, మునక్కాడలు ఉన్న ఫ్రీజరు తలుపు ఆయన తీయకూడదు. నేనైతే ఆవిడ ఆ మాత్రంతో సరిపెట్టుకోవడమే గొప్పనుకున్నాను.

ఖరీదైన జన్యువున్న మగపాము ఒకటి, ఆడపాములు కొన్ని. అందులో ఒక ఆడదానికి సత్యభామ అని పేరు పెట్టాడు. ఎందుకో ఒక రాత్రి తిండి పెట్టడం చూశాక తెలిసింది.

ముందురోజే ఫ్రీజరు నుంచి తీసి కరిగించిన ఎలుకను జిప్ సంచిలో పెట్టి వేడినీళ్ళలో వేశాడు. ఒళ్ళు వెచ్చబడ్డాక తలను హెయిర్ డ్రయ్యర్‌తో ఇంకాస్త వేడి చేశాడు. బాల్ పైథాన్ పెదవుల మీద చిన్న చిన్న గుంటలుంటాయి, చీకట్లో వేడిని పసిగట్టడానికి. వేడి లేని ఎలుక దాని దృష్టిలో ఎలుకే కాదు. లైట్లు తగ్గించి, టబ్బు సగం లాగి, పొడుగాటి పట్టకారుతో ఎలుకను తోక దగ్గర పట్టుకుని లోపలికి ఆడించాడు. పక్క టబ్బులో పాము అప్పటికే మెడను ఎస్ ఆకారంలో వంచి కాచుకుని ఉంది. పెట్టీపెట్టగానే రెప్పపాటులో లాక్కుని మూడు చుట్లు బిగించింది. సత్యభామ ముందు పెడితే నాలుక రెండుసార్లు ఆడించింది. ముందుకొచ్చింది, ముక్కుతో ఎలుక పొట్టను తాకింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. అంతే, మెల్లగా తల తిప్పుకుని, చుట్ట కిందికి దూరిపోయింది.

“మళ్ళీ అలిగిందన్నా,” అన్నాడు.

ఆ అలక తీర్చడానికి ఆయన చేయని పని లేదు. టబ్బు మార్చి చిన్నదిచ్చాడు. తేమ అరవై శాతం దగ్గర నిలబెట్టాడు, వేడి మూల 32 డిగ్రీలు. వారాల తరబడి చేత్తో ముట్టుకోలేదు. జెర్బిల్ అనే ఎడారి ఎలుక పెట్టెలోంచి రంపపు పొట్టు తెచ్చి ఆ వాసన పట్టించాడు. చివరికి ఆఫ్రికా నుంచి వచ్చిన మెత్తబొచ్చు ఎలుకల జాతి ఒకటుందని విని, దాన్ని పెంచేవాళ్ళ దగ్గర కొని పెట్టాడు. అడవిలో దాని తాతలు తిన్నది అదే. తిన్నది! పండగ చేసుకున్నాడు. తర్వాత తెలిసొచ్చింది, ఇక అది తప్ప వేరేది ముట్టదని. మామూలు ఎలుక మూడు డాలర్లకు దొరికేది, ఇది దొరకడమే కష్టం. ఒకసారి రుచి మరిగితే ఈ పాముల పట్టుదల అలాంటిది.

పెంపకంలో తిండే అసలు సంగతి, రంగు కాదు. ఆడపాము గుడ్లు పెట్టాలంటే కనీసం కిలోన్నర బరువుండాలి. అంత ఎదగడానికి మూడేళ్ళు పడుతుంది. శీతాకాలంలో మగదానితో కలుపుతారు. వసంతానికి ఆడదాని నడుము ఉబ్బుతుంది, కుబుసం విడుస్తుంది, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకు గుడ్లు. ఒక కాన్పుకు ఆరు గుడ్లు అటూఇటూ. తల్లిని చుట్ట విప్పదీసి, గుడ్లను 31, 32 డిగ్రీల పెట్టెలో పెడితే రెండు నెలలకు పిల్లలు ముక్కుతో పెంకు చీల్చుకుని తల బయటపెడతాయి. ఆ తల్లిని సబ్బునీళ్ళతో కడుగుతారు, ఎందుకో తెలుసా? ఒంటి మీద గుడ్ల వాసన ఉన్నన్నాళ్ళూ అది తినదు. వాసన పోతే గుడ్లున్నాయన్న సంగతి మరిచి తిండి మొదలుపెడుతుంది. తొందరగా తింటే తొందరగా బరువెక్కుతుంది, వచ్చే ఏడాదికి మళ్ళీ తయారవుతుంది. తల్లిని మరిపించే ఆ స్నానం చూసినప్పుడు ఈ వ్యాపారం మీద నాకున్న కాస్త గౌరవమూ తగ్గింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక కొత్త జన్యువున్న మగపాము, అది సగం పిల్లలకు వస్తుందనుకుందాం. ఏడాదికి ఐదు ఆడపాములతో కలిపితే ముప్పై గుడ్లు, అందులో పదిహేను పిల్లలకు ఆ రంగు. వాటిలో మగవి ఏడనుకుంటే, ఏడాదీ ఏడాదిన్నరకే అవి జతకు సిద్ధం. ఒక్కొక్కటి ఐదేసి ఆడవాటితో కలిస్తే 210 గుడ్లు, 105 రంగు పిల్లలు. ఆ పైఏడు లెక్క మీరే వేసుకోవచ్చు. ఈ పాము కోసం వేలు పోసి కొన్నవాళ్ళలో పెంచుకుందామని కొన్నవాళ్ళు తక్కువ, పిల్లల్ని పెట్టించి అమ్ముదామని కొన్నవాళ్ళు ఎక్కువ. అంటే ఈ ఏటి ఖాతాదారే వచ్చే ఏటి పోటీదారు. మన తెలుగువాళ్ళు ఈ లెక్కను ఒకసారి రుచి చూశారు, ఈము పక్షుల పేరుతో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ తమిళనాడులోనూ ఊరూరా కంచెలు వేసి, జతలు కొని, పిల్లల్ని తర్వాతి రైతుకు అమ్మడమే ఆదాయమనుకున్నారు. మాంసం కొనేవాడు ఎక్కడా కనిపించలేదు. 2012లో తమిళనాడు పెరుందురైలోని సూసీ ఈము ఫామ్స్ కుప్పకూలింది, మేత లేక పక్షులు కంచెల్లోనే కూలబడ్డాయి. పాముల సంగతిలో మోసగాడంటూ ఒకడు లేడు. అందరూ నిజాయితీగానే ఒకరినొకరు నమ్ముకుని మునిగారు. నా దృష్టిలో అదే ఎక్కువ విషాదం.

అలా ధర ప్రతి ఏడూ దిగుతుంటే సత్యభామ అలకకు కొత్త అర్థం వచ్చింది. మామూలు రోజుల్లో ఒక పాము ఆరు నెలలు తినకపోతే, ఆ ఏడు గుడ్లు పెట్టదు, పై ఏడు పెడుతుంది, అంతే. ధర ఏడాదికి సగమవుతున్నప్పుడు ఆ పస్తుకు వెల కట్టాల్సి వస్తుంది. ఆమె గుడ్లు పెట్టే వేళకు పిల్లల ధర సగం. ఇంకో చలికాలం తినకపోతే పావు. ఎలుకల ఖర్చు, కరెంటు ఖర్చు మాత్రం అలాగే ఉంటాయి. వంద పాములున్న చోట వారానికి వంద ఎలుకలు, ఒక్కోటి మూడు డాలర్లంటే నెలకు పన్నెండు వందల పైమాటే. ప్రకృతి ఆ పాముకు ఓపిక పట్టడం ఒక్కటే నేర్పింది. అంగడిలో అమ్ముడుపోనిదీ అదొక్కటే.

2008 మాంద్యం మొదటి దెబ్బ. ఇళ్ళ మీద అప్పులు తెచ్చి పాములు కొన్నవాళ్ళు ఇళ్ళూ పాములూ ఒకేసారి అమ్మకానికి పెట్టారు. 2012లో అమెరికా ప్రభుత్వం బర్మా కొండచిలువ వంటి నాలుగు పెద్ద పాములను హానికర జాతుల జాబితాలో చేర్చింది, 2015లో ఇంకో నాలుగు. ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్‌లో బర్మా పాములు అడవికెక్కి జింకలను మింగుతుంటే వేరే దారి లేకపోయింది. బాల్ పైథాన్ ఆ జాబితాలో లేదు గాని, భయం దానికీ అంటింది. ధరలన్నీ ఒకేచోట ఎవరైనా పోల్చి చూసుకునేలా మార్ఫ్‌మార్కెట్ వంటి ఆన్‌లైన్ అంగళ్ళు వచ్చాక బేరానికి మిగిలిన తెర కూడా తొలగిపోయింది. కోవిడ్ రోజుల్లో ఇంట్లో కూర్చున్న జనం జంతువుల మీద పడటంతో కాస్త ఊపిరి వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ పాత దారే. 7,500 పలికిన ఆల్బినో ఇవాళ నూటయాభై డాలర్ల లోపు దొరుకుతుంది. ఒకప్పుడు అందని పండైన పైబాల్డ్ రెండు మూడు వందలు. మామూలు రంగు పిల్లను, తినే అలవాటున్నదాన్ని కూడా, నలభై డాలర్లకు ఇచ్చేవాళ్ళున్నారు. దాన్ని ఉంచే టబ్బు, థర్మోస్టాట్ ఖరీదు అంతకంటే ఎక్కువ.

డబ్బు పోతే పోయింది, పాముల వైపు ఏం జరిగిందన్నది అంతకంటే చెప్పుకోవాల్సిన మాట. స్పైడర్ అనే మార్ఫ్ పాములకు పుట్టుకతో తల వణుకుతుంది. కొన్నింటికి తల వెనక్కి తిరిగిపోయి, ఎలుక మీదికి దూకితే గురి తప్పి గోడకు తగులుతుంది. మొదటి నుంచీ పెంపకందార్లకు తెలుసు. “తింటోంది, గుడ్లు పెడుతోంది, ఇంకేం కావాలి?” అని సమర్థించుకున్నారు. బ్రిటన్‌లో ఇంటర్నేషనల్ హెర్పెటలాజికల్ సొసైటీ 2018లో తన సంతల్లో స్పైడర్ అమ్మకాన్ని ఆపేసింది. 2022లో జర్మనీ శాస్త్రవేత్తలు స్కాన్ తీసి చూస్తే, తూకం నిలబెట్టే లోపలి చెవే వంకరగా తయారైందని తేలింది. ఆ చారలు, ఆ వణుకు ఒకే జన్యువుతో వస్తున్నాయి, విడదీయడం కుదరలేదు. అందం కోసం ఏరుకున్నది అదే. ఇంకోవైపు, ర్యాకుల నిండా కిక్కిరిసిన పాముల్లో ఊపిరితిత్తుల జబ్బు పాకింది. దానికి కారణం ఒక నిడోవైరస్ అని 2014లో కనుక్కున్నారు. సంతలో కొన్న ఒక్క పామును వేరే గదిలో విడిగా ఉంచకపోతే చాలు, గది మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

తిండి సంగతికి వస్తే నా అభియోగం ఒకటుంది. ఈ ముప్పై ఏళ్ళలో రంగు కోసం ఎన్ని తరాలు ఏరారో లెక్కలేదు. బాగా తినే పామును మాత్రమే పెంచుదాం, పేచీపెట్టేదాని సంతానం వద్దు అన్న పట్టింపు ఎంతమందికుంది? పాలు, మాంసం కోసం పశువులను పెంచే ఏ రైతునడిగినా, మేత తినని దూడను మందకు తల్లిగా ఎంచడు. ఇక్కడ మేత తినని పాముకు రంగు బాగుంటే చాలు, బతిమాలి, నోట్లో కుక్కి, ఎలాగో బరువెక్కించి గుడ్లు పెట్టించారు. పుట్టిన పిల్లల్లో మొదటి కుబుసం విడిచాక కూడా ఎలుక కూనను ముట్టనివి కొన్ని ఎప్పుడూ ఉంటాయి. వాటినీ అలాగే లాక్కొచ్చారు. ధర పలికినంత కాలం ఆ కష్టానికి కూలి గిట్టింది. నలభై డాలర్ల పిల్ల కోసం రాత్రిళ్ళు హెయిర్ డ్రయ్యర్ పట్టుకు కూర్చునేవాడు ఎవడు?

మా తమ్ముడి బేస్‌మెంటులో ర్యాకులు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. తినేవి ముందు పోయాయి, కొన్న ధరలో ఏ పదోవంతుకో. ప్రకటనలో “ఫ్రీజరు ఎలుక తింటుంది” అని రాయగలిగిన ప్రతిదానికీ ఎవరో ఒకరు దొరికారు. మగపామును కొన్న మనిషి దాని జన్యువు పేరు కూడా అడగలేదు, పిల్లలకు చేతిలో పెట్టేంత సాధువేనా అని అడిగాడు. “అన్నా, మొదట్నించీ అదే అడగాల్సిందేమో,” అన్నాడు ఈయన నాతో, మరే వివరణా లేకుండా. సత్యభామ మిగిలింది. మెత్తబొచ్చు ఎలుక తప్ప తినని, ఎప్పుడు తింటుందో తెలియని పెద్ద ఆడపామును ఎవరు కొంటారు? అమ్మకానికి పెట్టడం కూడా మానేశాడు. వాళ్ళ నాన్నగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు బేస్‌మెంటు మెట్లు దిగలేదు గాని, రోజూ పొద్దున్నే, “అది తిన్నదా ఇవాళ?” అని మాత్రం అడిగేవారట.

అంతా నష్టమే అనడం కూడా అన్యాయం. మిషిగన్‌లోని ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో హానా సైడెల్ అనే శాస్త్రవేత్త తరగతి పిల్లలతో కలిసి, పెంపకందార్లు పంపిన కుబుసాల నుంచి డీఎన్‌ఏ తీసి, ఆల్బినో రంగు ఏ జన్యువు తేడాతో వస్తోందో 2022లో తేల్చింది. టైరోసినేజ్ జన్యువు, మనుషుల్లో కూడా ఆల్బినిజానికి కారణమయ్యే జన్యువే. బజారు కోసం పుట్టిన రంగులు బడికి పనికొచ్చాయి. ఇక ఈ పాముల ఓపిక ఎంతదూరం పోతుందో సెయింట్ లూయిస్ జూ చూసింది. 1961లో ఒకాయన ఇచ్చిపోయిన ఆడపాము 2020 జూలైలో ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు అరవై దాటిందని జూ వాళ్ళ అంచనా. కనీసం పదిహేనేళ్ళుగా మగపాము మొహం చూసి ఎరగదు. వేల డాలర్ల మార్ఫ్‌ల వెలుగు రాకముందే పుట్టి, ఆ వెలుగు ఆరిపోయాక కూడా బతికున్న పాము అది.

ఈ కథ రెండో ఆట ఇప్పుడు మన దేశంలో మొదలవుతోందనిపిస్తోంది. అమెరికాలో ధర పడిన రంగులే బ్యాంకాక్ మీదుగా దొంగదారిన వస్తున్నాయి. 2023 సెప్టెంబరులో బెంగళూరు విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో 55 బాల్ పైథాన్లు, 17 రాచనాగులు దొరికాయి. వాటితో పెట్టిన ఆరు కపుచిన్ కోతులు చనిపోయి ఉన్నాయి. మన దేశపు పామును పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ వంటి విదేశీ జంతువులున్నవాళ్ళు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలని 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరైనా రంగురంగుల కొండచిలువ పిల్లను చూపించి, “రెండేళ్ళు పెంచండి, పిల్లల్ని మేమే కొంటాం” అంటే, ఈము కంచెలను ఒకసారి తలుచుకోండి.

ఇక్కడ హెర్న్‌డన్, ఆష్‌బర్న్ వైపు మన పిల్లలు పాము కావాలని మారాం చేస్తుంటే నేను వద్దనను. పెంచుకోవడానికి ఇంతకంటే నెమ్మదైన పాము దొరకదు. అయితే పాతికేళ్ళు బతుకుతుంది, వాడు కాలేజీకి పోయాక దాన్ని చూసుకోవలసింది మీరే. సంతకు పరిగెత్తే ముందు ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ యానిమల్ షెల్టర్‌కు ఫోన్ చేసి అడగండి. యజమాని వదిలేసిన పెద్ద పాము దొరికినా దొరకవచ్చు. కొత్త పిల్లనే కొంటే, రంగు పేరు అడగకండి. చివరిసారి ఎప్పుడు తిన్నది, ఏం తిన్నది, బతికున్న ఎలుకా ఫ్రీజరు ఎలుకా అని అడిగి, రాసిపెట్టిన కాగితం చూడండి. మీ కళ్ళ ముందు ఒకసారి తినిపించమనండి. ఏదో సాకు చెప్పి కుదరదంటే, ఎంత తక్కువకిస్తానన్నా తీసుకోకుండా వచ్చేయండి.